మూగవోయిన వాద్యము

మన నిత్య వ్యవహారములో "పోయింది" అను మాటకు ఉన్నంత అధికారము న్యాయస్థానపు తీర్పుకైనను లేదేమో. మోటారు పోయింది, రేడియో పోయింది, ఫ్యాను పోయింది అని ఎవరో ఒకరు అన్నంతనే ఆ వస్తువు అటకెక్కును. అటక మీది నుండి కొన్నాళ్ళకు కబాడీవాని బండి కెక్కును. ఏది పోయినది, ఎక్కడ పోయినది, ఎంత పోయినది అను మూడు ప్రశ్నలను మాత్రము ఎవ్వరును వేయరు. తీర్పుకు అప్పీలు కలదు గాని ఈ మాటకు అప్పీలు లేదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఆ మూడు ప్రశ్నలను గూర్చియే. అందుకు ఒక పాత ఎలక్ట్రానిక్ వాద్యమును ఉదాహరణముగా తీసికొనుచున్నాము.

తెలుగు పాఠము చెప్పువారికి ఫ్యూజులతోను డయోడులతోను ఏమి పని అని మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. పద్యమునకు అర్థము తెలియనపుడు మేము తరగతిలో ఏమి చేయుదుము? కవిని నిందింపము, పద్యమును కొట్టివేయము. మొదట క్రియను వెదకుదుము. క్రియకు కర్త ఎవరని అడుగుదుము. కర్త నుండి కర్మకు, కర్మ నుండి విశేషణములకు ఒక్కొక్క మెట్టు ఎక్కుదుము. అన్వయము తెగినచోటు ఎక్కడనో అక్కడ ఆగి నిఘంటువు తెరచెదము. యంత్రములో దోషమును వెదకుటయు అచ్చముగా ఇట్టిదే. అక్కడ క్రియకు బదులు కరెంటు. నిఘంటువునకు బదులు మల్టీమీటరు.

సింథసైజరు అనగా తీగను మీటుట, గొట్టములో ఊదుట, చర్మమును కొట్టుట అనునవి లేకుండ విద్యుత్తు వలననే నాదమును పుట్టించు వాద్యము. ఇది మనకు క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశములో కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో క్లావియోలిన్ అను చిన్న వాద్యమును నిర్మించినాడు. 1954లో వచ్చిన "నాగిన్" హిందీ చిత్రములో పాములవాని బీన్ నాదమును పలికించినది నిజమైన బీన్ కాదు. కళ్యాణ్‌జీ వాయించిన ఆ క్లావియోలినే. నిజామాబాదులో ఏ బారాత్ ముందు బ్యాండువారు ఆ వరుస ఎత్తుకొన్నను యువకులు పడగ పట్టి ఆడుదురు. ఆ పడగ వెనుక ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఉన్నదని వారిలో ఎందరెరుగుదురు? 1969లో అహమదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైనులో డేవిడ్ ట్యూడర్ అను అమెరికా సంగీతవేత్త మూగ్ సింథసైజరును నెలకొల్పినాడు. ఆ వాద్యపు పేరు మన చెవికి విచిత్రముగా తోచును. మూగ్ అనునది దానిని నిర్మించిన రాబర్ట్ మూగ్ గారి ఇంటిపేరే గాని, మన భాషలోని మూగతనముతో దానికి చుట్టరికము లేదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో జాన్ చౌనింగ్ 1967లో ఒక నాదతరంగముతో మరియొక నాదతరంగమును కంపింపజేయు ఎఫ్.ఎం. పద్ధతిని కనుగొన్నాడు. దాని హక్కును తీసికొని యమహా సంస్థ 1983లో డీఎక్స్7 అను వాద్యమును విడుదల చేసినది. 61 మెట్లు, ఒకేసారి 16 స్వరములు, లోపల దాచుకొనుటకు 32 నాదములు గల వాద్యమది. మదరాసు స్టూడియోలలో ఆ దశకమంతయు కీబోర్డుల కాలమే. నేడు ఎ. ఆర్. రెహమాన్ అని ప్రపంచమెరిగిన వ్యక్తి ఆ రోజులలో ఇళయరాజా వద్దను, మన రాజ్–కోటి ద్వయము వద్దను కీబోర్డు వాయించిన యువకుడే. ఆయన తండ్రి ఆర్. కె. శేఖర్ గారు 1976లో కాలము చేసిన పిమ్మట, ఆయన విడిచిన వాద్యములను అద్దెకిచ్చి ఆ కుటుంబము కొంతకాలము బ్రతికినది. ఒక వాద్యము ఒక ఇంటికి అన్నము పెట్టగలదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు.

ఇట్టి వాద్యములు మన జిల్లాకు స్టూడియోల దారిన రాలేదు. దుబాయి దారిన వచ్చినవి. నిజామాబాదు జిల్లా నుండి గల్ఫు దేశములకు పోయిన వారు సెలవులకు వచ్చినపుడు టేపురికార్డరులు, గడియారములు, కుట్టుమిషనులు తెచ్చినట్లే, సంగీతమునందు మక్కువ గల బంధువుల కొరకు కీబోర్డులు కూడ తెచ్చినారు. పెండ్లిళ్ళలో ఆర్కెస్ట్రాలు, గణపతి పందిళ్ళు, వర్ని వైపు బడాపహాడ్ దర్గాలో కవ్వాలీలు. ఒకే పెట్టె అన్నిచోట్లను మ్రోగినది. దాని మతమేదని ఎవ్వరును అడుగలేదు.

బోధను చెరకు సీమకు కూడ ఇందులో భాగము కలదు. 1923 నుండి 1931 వరకు మంజీరా నదిపై నిజాంసాగరు నిర్మింపబడినది. ఆ నీటితో చెరకు పెరిగినది. ఆ చెరకు కొరకు 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును షకర్‌నగర్ అను కాలనీ ఏర్పడినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన ఆ కర్మాగారములో 2015 చివర పని ఆగిపోయినది. సీజనులో పగలు మిల్లులో పని, రాత్రి ఆర్కెస్ట్రాలో వాద్యము అను జీవితమును గడపినవారు ఆ ఊరిలో ఉండిరి. మేము చెప్పబోవు వాద్యము అట్టి వారిలో ఒకరిది.

మా కళాశాల విద్యార్థి ఒకడు ఒకనాడు మా వద్దకు వచ్చి, "సార్, పాత కీబోర్డు ఒకటి ఉంది. కబాడీవాడు రెండువేలు ఇస్తానంటున్నాడు. ఇచ్చెయ్యమంటారా?" అని అడిగినాడు. అది అతని తండ్రిగారిది. ఆయన మిల్లు విద్యుత్ విభాగములో సీజను పనివాడుగా ఉండి, మిల్లు ఆగిన పిదప ఆ వాద్యముతోనే ఇల్లు నడపి, రెండేండ్ల క్రిందట కాలము చేసినారు. ఆయన పోయిన కొద్ది నెలలకే వాద్యము కూడ మూగవోయినది. స్విచ్చి నొక్కినను ఒక్క దీపమైనను వెలుగదు. ఒక మెకానిక్కు రెండు మారులు ఫ్యూజు వేసి, రెండు మారులును అది కాలిపోగా, "బోర్డు పోయింది, పారేయండి" అని చెప్పినాడట.

"అమ్మీ ఏమంటున్నది?" అని అడిగినాము.

"మోగకపోయినా సరే ఉంచమంటున్నది సార్. అబ్బా చేసిన సౌండ్లన్నీ అందులోనే ఉన్నాయంటున్నది."

ఆ మాట విని మా భౌతికశాస్త్ర అధ్యాపకులు చదువుచున్న పత్రికను ప్రక్కన పెట్టినారు. "సౌండ్లు ఆయన స్వయముగా చేసినవా? అయితే కబాడీవానిని ఆగమను బేటా. రేపే తీసుకొని రా" అన్నారు.

మరునాడు ఆటోలో దుప్పటి చుట్టుకొని ఆ పెట్టె వచ్చినది. అది పైన చెప్పిన డీఎక్స్7. సాయంత్రము తరగతులు ముగిసిన పిమ్మట భౌతికశాస్త్ర ప్రయోగశాలలో దానిని బల్లపై ఉంచినాము. అధ్యాపకులు పరీక్షించుట, విద్యార్థి స్క్రూలు విప్పి వరుసగా కాగితముపై అంటించుట, మేము ప్రతి కొలతను నోటుపుస్తకములో వ్రాయుట అని పని పంచుకొన్నాము.

పెట్టె తెరచిన వెంటనే సాహెబుగారు ఫ్యూజు వైపు చూడలేదు. లోపలి పెద్ద బోర్డుపై రూపాయి బిళ్ళ వంటి ఒక చిన్న బ్యాటరీని వెదకినారు. ఎందుకనగా, ఆ కాలపు వాద్యములలో వాయిద్యకారుడు కల్పించి దాచుకొన్న నాదములు, కరెంటు లేనపుడు ఆ మూడు వోల్టుల బ్యాటరీ దయ మీదనే నిలిచి ఉండును. పవర్ సప్లై చచ్చినను జ్ఞాపకము చావదు. బ్యాటరీ చచ్చినచో జ్ఞాపకము మిగులదు. వాద్యము రెండేండ్లుగా మూగగా ఉన్నది గనుక ఈ కాలమంతయు ఆ నాదములను కాపాడినది ఆ బిళ్ళ ఒక్కటియే. మీటరు సూదులలో ఒకదాని కొనను మాత్రము విడిచి తక్కినది టేపుతో చుట్టి, జారి షార్టు కాకుండ జాగ్రత్తపడి కొలిచినారు. 2.6 వోల్టులు.

"ఇంకెంత కాలము ఉండును?" అని అడిగినాము.

"నెల కావచ్చును, సంవత్సరము కావచ్చును. రెండు వోల్టుల వరకు దిగినచో ఇక నమ్మరాదు. దీనిని ఇప్పుడు మార్చుటకు వీలులేదు. తీసిన క్షణమే అంతయు చెరిగిపోవును. ముందు పవర్ సప్లై బాగుపడవలె, నాదములను వేరొకచోట దాచవలె, ఆ తరువాతనే బ్యాటరీ." దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమను సామెత మాకు ఆ క్షణమున క్రొత్తగా అర్థమైనది.

ఇక అసలు శోధన. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నట్లు మొదట గోడలోని సాకెట్టును కొలిచినాము. 228 వోల్టులు. పిమ్మట తీగను రెండు కొసల నడుమ పరీక్షించినాము. ఎక్కడను తెగలేదు. తరువాత వాద్యపు వెనుక ఫలకమును చదివినాము. ఈ మెట్టును చాలమంది దాటివేయుదురు. జపానులో ఇండ్లకు వచ్చు కరెంటు 100 వోల్టులు. మన దేశములో 230. అక్కడి వారి కొరకు చేసిన వస్తువును ఇక్కడ నేరుగా గోడకు తగిలించినచో క్షణములో కాలిపోవును. ఈ వాద్యము గల్ఫు విపణికి వచ్చినది గనుక 220–240 అని స్పష్టముగా ఉన్నది. ఆ అనుమానము తీరినది.

నాల్గవది ఫ్యూజు. ఫ్యూజు కాలినది అనుట ఒక వార్త. ఎట్లు కాలినది అనుట సాక్ష్యము. గాజు లోపల తీగ మెల్లగా తెగి గాజు తేటగా ఉన్నచో, అది ముసలితనము వలన తెగినదని అనుకొనవచ్చును. గాజు లోపల నల్లని మసి పట్టి ఉన్నచో, లోపల ఎక్కడనో పెద్ద షార్టు కలదని భావము. ఇది నల్లబడి ఉన్నది. మెకానిక్కు వేసిన రెండును నల్లబడినవే. ఫ్యూజు అనునది ఇంటి ముందు కాపలా కాయు పనివాడు. లోపల నిప్పు పుట్టినపుడు తాను ముందు పడిపోయి ఇంటిని కాపాడును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానములో రాగితీగ చుట్టువారు మన ఊళ్ళలో కొందరు ఉన్నారు. కాపలావాడు అరచుచున్నాడని వాని నోరు కట్టివేయుట వంటిది ఆ పని. ఈ వాద్యమునకు ఆ గతి పట్టకపోవుట మా అదృష్టము.

ఐదవ మెట్టుకు సాహెబుగారు బీరువా నుండి ఒక పాత పరికరమును తీసినారు. చెక్కపై ఒక హోల్డరు, అందులో 60 వాట్ల పాతకాలపు తంతువు బల్బు. కరెంటు ఆ బల్బు గుండా పోయియే వాద్యమును చేరునట్లు కలుపుదురు. సీరీసు బల్బు అను ఈ ఉపాయము మన మిస్త్రీలందరికిని తెలిసినదే. లోపల షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలిగి, ఆ భారమును తానే మోసి, యంత్రమును కాపాడును. లోపల సవ్యముగా ఉన్నచో ఒక క్షణము మెరసి మసకబారును. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు. వేడెక్కిన కొలది కరెంటును అడ్డగించు గుణము తంతువునకే కలదు. స్విచ్చి వేయగా బల్బు నిండుగా వెలిగినది. "షార్టు ఉన్నది. ఎక్కడ?" అన్నారు.

ఇక్కడ సగము చేయు ఉపాయమును చూపినారు. ట్రాన్స్‌ఫార్మరు నుండి పవర్ సప్లై బోర్డుకు పోవు తీగల గుత్తిని ఊడదీసి మరల స్విచ్చి వేసినారు. బల్బు మసకబారినది. అనగా ట్రాన్స్‌ఫార్మరు నిర్దోషి. ఒక్క గుత్తిని ఊడదీయుటతో సగము యంత్రముపై అనుమానము పోయినది. నేరము ట్రాన్స్‌ఫార్మరుకు అవతల ఉన్నది.

అవతల నాలుగు డయోడుల ముఠా ఉన్నది. అటు ఇటు ఊగు కరెంటును ఒకే దిక్కునకు నడపుట వాటి పని. డయోడు ఒంటిదారి వీధి వంటిది. మంచి డయోడును మీటరుతో ఒక ప్రక్క చూచిన అర వోల్టుకు పైగా చూపును. త్రిప్పి చూచిన ఏమియు చూపదు. ముట్టుకొనుటకు ముందు కెపాసిటరులలో మిగిలియున్న ఆవేశమును ఒక రెసిస్టరు ద్వారా దింపి, సున్నాకు వచ్చినదని మీటరులో చూచుకొన్నాము. ఈ పని చేయక లోపల చేయి పెట్టరాదని విద్యార్థులకు గట్టిగా చెప్పుచున్నాము. మొదటి డయోడు మంచిది. రెండవది మంచిది. మూడవది ఎటు చూచినను సున్నా. ఒంటిదారి వీధి రెండు వైపులను తెరచుకొన్నది. నేరస్థుడు దొరికినాడు.

దాని ప్రక్కనే ఒక పెద్ద కెపాసిటరు తల కొంచెము ఉబ్బి ఉన్నది. డయోడుల నుండి వచ్చు కరెంటు అలలు అలలుగా ఉండును. మన కరెంటు సెకండుకు 50 మారులు ఊగునది గనుక, నాలుగు డయోడులు దాటిన పిమ్మట సెకండుకు 100 అలలు లేచును. చెరువు వానాకాలపు వరదను పట్టి సంవత్సరమంతయు సమముగా విడిచినట్లు, కెపాసిటరు ఆ అలలను పట్టి సమముగా విడుచును. దాని లోపలి ద్రవము ఏండ్లు గడచిన కొలది ఎండిపోవును. చెరువు పూడిన పిమ్మట ఊరికి నీరందనట్లే, స్పీకరులో గుయ్యిమను శబ్దము మొదట వచ్చును; కొన్నాళ్ళకు యంత్రమే నిలిచిపోవును. "అబ్బా చివరి రోజులలో ఏదో గుయ్యిమంటున్నది అనేవారు సార్" అని విద్యార్థి అప్పుడు జ్ఞాపకము చేసికొన్నాడు. యంత్రము ముందుగానే చెప్పినది. వినువారికి దాని భాష తెలియలేదు.

నిజామాబాదులో డయోడులు దొరికినవి గాని, తగిన కెపాసిటరులు దొరకలేదు. విద్యార్థి ఆదివారమునాడు హైదరాబాదు పోయి కోఠి గుజరాతీ గల్లీలో వాటిని తెచ్చినాడు. మైక్రోఫారడులు పాతదానికి సమానముగాను, వోల్టులు సమానముగా గాని అంతకు మించి గాని, 105 డిగ్రీల వేడిని ఓర్చునట్టివిగాను ఉండవలెనని చీటీ వ్రాసి ఇచ్చినాము. చెడినది ఒక్క డయోడే అయినను నాలుగింటిని మార్చినాము. ఆ దెబ్బ తక్కిన మూటికిని తగిలియుండును గదా! కెపాసిటరులను బిగించునపుడు ఋణధ్రువపు గీత ఎటున్నదో ఇద్దరు వేర్వేరుగా చూచి చెప్పిన పిమ్మటనే టంకము వేసినారు. తలక్రిందుగా వేసినచో అది ప్రేలును.

ఇక తగిలించి స్విచ్చి వేయవచ్చునని విద్యార్థి ఆత్రపడినాడు. సాహెబుగారు ఒప్పుకొనలేదు. నాదములు దాచియున్న పెద్ద బోర్డును ఇంకను వేరుగానే ఉంచి, పవర్ సప్లైని మాత్రమే సీరీసు బల్బు ద్వారా వెలిగించినారు. ఆ బోర్డుకు ఐదు వోల్టులు కావలె. రెగ్యులేటరు చెడి ఏడెనిమిది వోల్టులు వచ్చినచో, రెండేండ్లు ఆ చిన్న బ్యాటరీ కాపాడినదానిని మనమే ఒక్క క్షణములో కాల్చివేసినవారమగుదుము. ఐదు వోల్టుల దారికి ఒక టార్చిలైటు బల్బును భారముగా కట్టి కొలిచినారు. 5.03. తక్కిన రెండు దారులు ప్లస్ 15.1, మైనస్ 14.9. పది నిమిషములు ఆగి మరల కొలిచినారు. అవే అంకెలు. అప్పుడు గుత్తులను తగిలించినారు.

స్విచ్చి వేయగా రెండు ఎర్రని అంకెలు వెలిగినవి. పలకపై నల్లని అక్షరములు తేలినవి. ఎవ్వరమును మాట్లాడలేదు. విద్యార్థి ఒక్కొక్క మీట నొక్కుచు పేర్లు చదివినాడు. ఈ వాద్యములో ఒక్కొక్క నాదమునకు పది ఇంగ్లీషు అక్షరములలో పేరు పెట్టుకొనవచ్చును. షెహనాయి. బుల్‌బుల్ తరంగ్. నాగిన్. డప్పు. హార్మోనియము రెండు విధములు. ముప్పది రెండును చెక్కుచెదరక ఉన్నవి. ఈ వాద్యములో నాదమును కల్పించుట సులభమైన పని కాదు. ఆరు తరంగములను 32 విధములుగా కూర్చి, ఒక్కొక్క అంకెను చిన్న పలకపై సవరించుకొనవలె. చాలమంది వాద్యకారులు అందులో ఉన్న నాదములతోనే సరిపెట్టుకొనిరి. మిల్లులో మోటారులకు వైండింగు చుట్టిన ఆ చేతులు రాత్రులు కూర్చుండి డప్పును అంకెలలోనికి దింపినవి.

చివరి దాని పేరు షకర్‌నగర్. ఇంగ్లీషులో పదకొండు అక్షరములు కావలసిన ఆ పేరు పది గళ్ళలో పట్టక నడుమ ఒక "ఏ" రాలిపోయినది. అది ఏ వాద్యమో మాకు బోధపడలేదు. విద్యార్థి ఒక మెట్టును నొక్కి పట్టినాడు. లోతు నుండి ఒక నాదము లేచి, మెల్లగా పైకెక్కి, కొంతసేపు నిలిచి, చేయి తీయగానే మెల్లగా క్రిందికి దిగినది. బోధనులో పుట్టి పెరిగిన మా అటెండరు వరండాలోనుండి లోనికి వచ్చి, "సార్, ఇది మిల్లు సైరను గదా!" అన్నాడు.

షిఫ్టు మారునపుడు ఊరంతయు గడియారము సరిచూచుకొనిన సైరను అది. 2015 తరువాత ఆ ఊరిలో పుట్టిన పిల్లలు దానిని ఎరుగరు. ఒక సీజను పనివాడు దానిని చెవితో విని, పది గళ్ళ పేరు క్రింద దాచిపెట్టినాడు. ఆ దాచినది 2.6 వోల్టుల బిళ్ళ మీద నిలిచినది. దానికి కబాడీవాడు కట్టిన వెల రెండువేలు. అదియు ఇనుమునకు, ప్లాస్టిక్కునకు మాత్రమే.

పని అక్కడితో ముగియలేదు. అదే రాత్రి ఆ ముప్పది రెండు నాదములను మిడి తీగ ద్వారా కంప్యూటరులోనికి దింపినాము. మిడి అనునది 1983లో వాద్యములు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుటకు ఏర్పడిన ఉమ్మడి భాష. మొత్తము 4,104 బైట్లు. దింపుటకు ఒకటిన్నర సెకండు కూడ పట్టలేదు. ఒక మనిషి రాత్రులు జాగరముండి చేసిన పని అంతయు నేటి ఒక్క ఫోటోలో వెయ్యవ వంతు కూడ కాదు! దానిని మూడు చోట్ల దాచినాము. ఆ తరువాతనే పాత బ్యాటరీని ఊడదీసి క్రొత్తదానిని టంకము వేసినాము. అనుకొన్నట్లే లోపలి జ్ఞాపకమంతయు చెరిగినది. కంప్యూటరు నుండి తిరిగి పంపగా షెహనాయి, డప్పు, షకర్‌నగర్ యథాస్థానములకు చేరినవి. ఖర్చును లెక్క వేసినాము. డయోడులు, ఫ్యూజులు, కెపాసిటరులు, బ్యాటరీ కలిసి మూడువందల యాభై రూపాయలు. బస్సు ఛార్జీలు అంతకంటె ఎక్కువైనవి.

ఈ ఉదంతము వలన మేము గ్రహించినది ఒక్కటి. "బోర్డు పోయింది" అని చెప్పిన మెకానిక్కు అబద్ధమాడలేదు, కొలువలేదు, అంతే. వాకిటిలోని ఐదు రూపాయల డయోడు పోయినది. ఇంటిలోని ధనము ఉన్నదున్నట్లే ఉన్నది. వాకిలి మూసికొనిన ఇంటిని చూచి లోపల ఎవ్వరును లేరని తీర్పు చెప్పుట యంత్రముల విషయములోనే కాదు, మనుష్యుల విషయములోను మనకు అలవాటు. లెక్కలలో తప్పిన విద్యార్థిని "వీడికి చదువు రాదు" అందుము. ఎక్కడ తెగినదో చూడము. కూడికలో తెగినదా, ప్రశ్నలోని భాషయే అర్థము కాలేదా, కండ్లజోడు లేక బల్లమీది అంకెలు కనబడలేదా? ఉర్దూ మాధ్యమము నుండి వచ్చి తెలుగు తరగతిలో మౌనముగా కూర్చుండు పిల్లవానిని మేము ఇప్పుడు వేరుగా చూచుచున్నాము. మౌనము వాకిటి దోషమా, లోపలి దోషమా అని మొదట కొలుచుచున్నాము. చాలమారులు అది వాకిటి దోషమే.

ఇక మా విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ ఇండ్ల అటకలపై పోయినవని పెట్టిన వస్తువులు ఉండును. వాటిలో కొన్నిటిని మీరు బాగుచేయగలరు. కాని గోడ కరెంటుతో ఒంటరిగా ఎన్నడును ప్రయోగము చేయరాదు. తెలిసినవారు ప్రక్కన ఉన్నపుడే పెట్టె తెరువవలెను. ఇంకొక మాట: అటక మీది వస్తువులకంటె ముందు ఇంటిలోని పెద్దలను గమనింపుడు. చెరకు గానుగ పాటలు, కవ్వాలీ వరుసలు, మిల్లు పనివారి మాటలు వారివద్ద ఉన్నవి. అవి ఎంత వోల్టేజి మీద నిలిచియున్నవో మనకు తెలియదు. సెలవులలో ఒక్క పూట కూర్చుండి వ్రాసికొనుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. భౌతికశాస్త్ర ప్రయోగశాల ప్రక్కనున్న పాత సామాను గదిలో ఒక బల్ల, రెండు మల్టీమీటరులు, ఒక సోల్డరింగు ఐరను, ఒక సీరీసు బల్బు, మంచి వెలుతురు ఏర్పాటు చేయింపగోరుచున్నాము. వారమునకు రెండు సాయంత్రములు ఆ గది తెరచియుంచు బాధ్యతను సాహెబుగారును మేమును వహింతుము. ఉర్దూ విద్యార్థులును తెలుగు విద్యార్థులును ఒకే బల్ల చుట్టు నిలిచి ఒకే మీటరును చూచునపుడు అనువాదము అక్కరలేదు, 5.03 అనునది రెండు భాషలలోను 5.03 యే. ఆ గది గోడపై వ్రాయించుటకు ఒక వాక్యమును కూడ సిద్ధము చేసికొన్నాము: "పోయింది అనుటకు ముందు కొలువుము." పెద్దలు అనుమతించినచో రానున్న విద్యాసంవత్సరము మొదటి వారములోనే పని ఆరంభింతుము.